ఎర్రకోటు దొర పక్కన ఏలూరు పండితుడు

(చరిత్ర ధారావాహిక – ఆరో భాగం)

1816లో మద్రాసులో ఒక తైలవర్ణ చిత్రం తయారైంది. వేసినవాడు థామస్ హికీ. ఐర్లండులోని డబ్లిన్ అతని ఊరు, అప్పటికి వయసు డెబ్బై అయిదు. వేయించుకున్నవాడు కర్నల్ కాలిన్ మెకంజీ, మన ఊళ్ళ కైఫీయతులు, అంటే స్థానిక చరిత్రలు, రాయించి పోగుచేసిన మెకంజీ దొర. కంపెనీ సైన్యం ఎర్రకోటు తొడుక్కుని నిలబడ్డ ఈ దొర చుట్టూ ముగ్గురు భారతీయులున్నారు. ఒకరి చేతిలో దూరదర్శిని, ఇంకొకరి చేతిలో తాటాకుల ప్రతి. ఆ ముగ్గురిలో ఒకరు ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట లక్ష్మయ్య అని చరిత్రకారులు గుర్తించారు. నిలువెత్తు రాజుల బొమ్మలతో పోలిస్తే ఇది చిన్న చిత్రమే. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మెకంజీ మీద పుస్తకం వచ్చినప్పుడల్లా అట్ట మీదో లోపలో ఈ బొమ్మ కనబడుతుంది, దాని కింద మెకంజీ పేరు కనబడుతుంది. అయితే ఈ బొమ్మను మెకంజీ రూపం కోసం చూసి పక్కన పెడితే అసలు సాక్ష్యం చేజారిపోతుందని నా వాదన. యూరప్ రాజాస్థానాల్లో మూడు వందల ఏళ్ళు పండిన ఒక చిత్రకళా పద్ధతి ఇందులో పనిచేస్తోంది. రాజు గొప్పతనం చూపడానికి పుట్టిన ఆ పద్ధతే ఇక్కడ, వేసినవాడికీ వేయించుకున్నవాడికీ తెలిసో తెలియకో, ఆ గొప్పతనం ఎవరి చేతుల మీద నిలబడిందో కూడా రాసిపెట్టింది.

ముందు ఆ పద్ధతి సంగతి చూడాలి. యూరప్‌లో ఆస్థాన చిత్రకారుడంటే రాజు ముఖాన్ని ఉన్నదున్నట్టు దించేవాడు మాత్రమే కాదు, ఒక రకంగా రాజ్యోద్యోగి. చక్రవర్తి అయిదో చార్లెస్ 1533లో వెనిస్ చిత్రకారుడు టిషియన్‌కు ఆస్థాన పదవితో పాటు బిరుదూ ఇచ్చాడు. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ 1623లో వెలాస్కెత్‌ను కొలువులో పెట్టుకున్నాడు. ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ 1632లో వాన్ డైక్‌కు సర్ బిరుదిచ్చి, ఆ తర్వాత ఏడాదికి 200 పౌండ్ల భత్యం ఏర్పాటు చేశాడు. ఇంత ఖర్చు ఎందుకు? రాజు ఒక్కచోటే ఉండగలడు, అతని అధికారం మాత్రం నాలుగు చోట్లా కనబడాలి. అందుకని బొమ్మలు నకళ్ళుగా తయారై రాయబారుల ఇళ్ళకీ, వియ్యమందబోయే రాజకుటుంబాలకీ, దూరదేశపు కోటలకీ వెళ్ళేవి. వాటిలో ఏదీ యాదృచ్ఛికం కాదు. వెనక స్తంభమో తెరో, పక్కన కవచమో రాజదండమో, దూరంగా గెలిచిన కోటో పట్టణమో ఉంటాయి. ప్రధాన వ్యక్తి మీద వెలుగు నిండుగా పడుతుంది, పరిచారకులుంటే వాళ్ళ మీద సగం పడుతుంది. ఎవరు మధ్యలో, ఎవరు వెనక, ఎవరి చూపు ఎటు అన్నది దర్బారులో ఎవరు ఎక్కడ నిలబడాలన్నంత కట్టుదిట్టంగా తేలేది. అంటే కొలువు చిత్రం ముఖచిత్రంగా కనబడే ఒక రాజపత్రం. దాన్ని పత్రంలాగే చదవాలి. ఎవరు రాయించారు, ఎవరికి పంపారు, ఏం కోరి పంపారు అని అడగాలి.

ఈ పద్ధతి దక్షిణాదికి వచ్చిన తొలి దారి ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా కొలువు. నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలు ఈయన ఏలుబడిలోనివే కాబట్టి తెలుగు నేల మీద శిస్తు కూడా ఆ కొలువు ఖర్చులోకి చేరిందనే చెప్పాలి. 1769లో మద్రాసులో దిగిన ఇంగ్లిషు చిత్రకారుడు టిల్లీ కెటిల్ నవాబునూ ఆయన కొడుకులనూ చిత్రించాడు. 1774లో వచ్చిన స్కాట్లండు చిత్రకారుడు జార్జ్ విల్లిసన్ ఆ నవాబును పదే పదే వేసి, 1780లో డబ్బు బాగా చేసుకుని తిరిగి వెళ్ళాడు. నవాబు బొమ్మలు సముద్రం దాటి లండన్ చేరాయి. ఒకటి కంపెనీ వాళ్ళ గోడకే ఎక్కింది. అవి వెళ్ళిన కాలంలోనే నవాబు కంపెనీ ఉద్యోగులకు పడ్డ అప్పులు కొండలా పెరుగుతున్నాయి. 1785లో ఎడ్మండ్ బర్క్ ఆ అప్పుల మీదే పార్లమెంటులో పేరుపడ్డ ప్రసంగం చేశాడు. తన రాజ్యం చేతిలోంచి జారిపోతున్న కొద్దీ తాను ఇంగ్లండు రాజుతో సమానుడైన ప్రభువునని చెప్పుకోవడానికి నవాబుకు మిగిలిన సాధనాల్లో ఈ చిత్రాలొకటి. నగలు ధరించి, కత్తి పట్టి నిలబడ్డ ఆ నిండు విగ్రహం నిజానికి ఒక అర్జీ. బొమ్మలో ధీమా ఎంత ఎక్కువగా ఉంటే వెనక అవసరం అంత గట్టిదేమో అని అనుమానించడం చరిత్ర చదివేవాళ్ళకు మంచి అలవాటు.

హికీ జీవితం వీళ్ళంత సాఫీగా నడవలేదు. 1741లో డబ్లిన్‌లో ఒక మిఠాయి వ్యాపారి కొడుకుగా పుట్టాడు. తమ్ముడు జాన్ శిల్పి. డబ్లిన్‌లోనే బొమ్మలు నేర్చి, రోములో కొన్నేళ్ళు గడిపి, లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనల్లో చిత్రాలు పెట్టి, బాత్ పట్టణంలో సంపన్నుల ముఖాలు దించి కాలం వెళ్ళదీశాడు. ఆ రోజుల్లో ఇంగ్లండులో జాషువా రెనాల్డ్స్, గెయిన్స్‌బరో లాంటివాళ్ళుండగా రెండో వరస చిత్రకారుడికి రాజాశ్రయం దొరకడం కల్ల. 1780లో భారతదేశానికి ఓడెక్కాడు. ఫ్రెంచి, స్పెయిన్ నౌకాదళాలు ఆ ఓడలను దారిలోనే పట్టుకున్నాయి. అక్కణ్ణించి బయటపడి లిస్బన్ చేరి, అక్కడ పని దొరకడంతో కొంతకాలం ఉండిపోయి, 1784లో కలకత్తా చేరాడు. 1788లో అక్కడే చిత్రకళ, శిల్పకళల చరిత్ర మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. చదువుకున్న మనిషేనన్నమాట. తిరిగి ఇంగ్లండు వెళ్ళాక 1792లో మెకార్ట్‌నీ ప్రభువు చైనా చక్రవర్తి దగ్గరికి రాయబారం వెళ్ళినప్పుడు అధికారిక చిత్రకారుడిగా వెంట వెళ్ళాడు. అయితే ఆ యాత్రను నిజంగా బొమ్మల్లో నిలిపినవాడు హికీ కాదు, అతని కింద పనిచేసిన యువకుడు విలియం అలెగ్జాండర్. 1798లో మళ్ళీ ఓడెక్కి మద్రాసుకు వచ్చాడు. 1824 మే నెలలో మద్రాసులోనే పోయాడు. ఎనభై మూడేళ్ళ బతుకులో ఏ రాజూ అతనికి ఆస్థాన పదవి ఇవ్వలేదు.

మరి ఇతన్ని కొలువు చిత్రకారుల ధారావాహికలో ఎందుకు చేర్చారని పాఠకులు అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. 1799 మే 4న శ్రీరంగపట్నం కూలి టిప్పు మరణించాక ఏం జరిగిందో చూస్తే జవాబు దొరుకుతుంది. అదే ఏడాది స్పెయిన్‌లో గోయా ప్రధాన ఆస్థాన చిత్రకారుడయ్యాడు. అక్కడ కొలువుకు రాజున్నాడు. ఇక్కడ గెలిచినవాళ్ళకు రాజు లేడు, ఒక వర్తక సంస్థ ఉంది. ఆ సంస్థకు సింహాసనం లేకపోయినా కొలువుకుండే అవసరాలన్నీ ఉన్నాయి. విజేతల ముఖాలు నిలవాలి, ఓడినవాళ్ళ వారసులు లొంగి ఉన్నట్టు కనబడాలి, కొత్తగా గద్దెనెక్కించిన రాజు ధర్మబద్ధుడిగా కనబడాలి. హికీ చేసింది సరిగ్గా ఈ పనే. యుద్ధంలో పాల్గొన్న అధికారులను యాభైకి పైగా సుద్ద రేఖాచిత్రాలుగా దించాడు. వాటి ఆధారంగా యుద్ధ ఘట్టాలను పెద్ద చిత్రాలుగా వేయాలని అతని ఆలోచన, అది నెరవేరలేదు. ఈలోగా హిందూదేశం ముఖమే చూడని రాబర్ట్ కెర్ పోర్టర్ 1800లో లండన్‌లో శ్రీరంగపట్నం ముట్టడిని వంద అడుగులకు మించిన పొడవున వేసి జనానికి చూపించాడు. ఇక్కడుండి మనుషులను ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసినవాడి పథకం కాగితం మీదే ఆగిపోయింది. హికీ టిప్పు కొడుకులనూ చిత్రించాడు, టిప్పు దగ్గరా ఆ తర్వాత ఒడయార్ల దగ్గరా మంత్రిగా చేసిన పూర్ణయ్యనూ చిత్రించాడు. పదవి పేరు లేదు గాని పని కొలువు చిత్రకారుడిదే. కాబట్టి అతన్ని ఈ వరసలోంచి తీసేయడం కన్నా, పద్దెనిమిదో శతాబ్దం చివర కొలువు అన్నదే రూపు మార్చుకుని ఒక కంపెనీ ఆఫీసులోకి వచ్చిందని ఒప్పుకోవడం సరైనదని నా అభిప్రాయం.

మైసూరులో అతను వేసిన మరో చిత్రం ఈ మాటకు బలమిస్తుంది. 1805 ప్రాంతంలో, బాలరాజు ముమ్మడి కృష్ణరాజ ఒడయార్ పెళ్ళి రోజుల్లో, రాజకుటుంబపు స్త్రీలు ముగ్గుర్ని కలిపి వేశాడు. చాలాకాలం దీన్ని అందగత్తెల బొమ్మగానే చూశారు. కుడివైపు యువతి పైట కొంచెం తొలగించి పై చేతి మీద ఒక చోటును వేలితో చూపుతున్నట్టుండటం గమనించి, ఇది మశూచికి కొత్తగా వచ్చిన టీకాకు ప్రచారంగా వేయించినదని చరిత్రకారుడు నైజెల్ ఛాన్సెలర్ వాదించాడు. ఎడమవైపు స్త్రీ నోటి చుట్టూ ఉన్న మచ్చలు పాత పద్ధతిలో మశూచి ఎక్కించుకున్న గుర్తులని ఆయన ఊహ. జెన్నర్ కనిపెట్టిన టీకా భారతదేశానికి వచ్చింది 1802లో, కాబట్టి కాలం సరిపోతుంది. ఇది ఊహే గాని రుజువైన సంగతి కాదు, అందరూ ఒప్పుకోవాలనీ లేదు. అయినా అంతఃపుర స్త్రీలు ఒక పరదేశి చిత్రకారుడి ముందు కూర్చోవడమే ఆ రోజుల్లో అసాధారణం. కారణం లేకుండా అది జరగదు. చేతిలో ఉన్న వస్తువును, వేలు చూపిన చోటును పట్టుకుని చిత్రాన్ని చదవవచ్చని ఈ బొమ్మ నేర్పుతుంది. మెకంజీ చిత్రం దగ్గరికి ఆ చదువుతోనే వెళ్దాం.

దానికంటే ముందు హికీయే వేసిన ఇంకో బొమ్మను తలుచుకోవాలి. 1799–1800 నాటి ఆ చిత్రంలో కర్నల్ విలియం కిర్క్‌పాట్రిక్ తన భారతీయ సహాయకులతో ఉన్నాడు. అది ఇప్పుడు డబ్లిన్‌లోని ఐర్లండు జాతీయ చిత్రశాలలో ఉంది. విలియం హైదరాబాదులో నిజాం దగ్గర రెసిడెంటుగా చేసినవాడు. ఆ తర్వాత ఆ పదవికి వచ్చిన తమ్ముడు జేమ్స్ కథ హైదరాబాదు వాళ్ళందరికీ తెలిసిందే. ఖైరున్నీసాను పెళ్ళాడి, ఇప్పుడు కోఠీలో మహిళా విద్యాసంస్థ ఉన్న రెసిడెన్సీ భవనాన్ని కట్టించినవాడు. జేమ్స్ పిల్లలిద్దర్నీ 1805లో ఇంగ్లండు ఓడ ఎక్కించబోయే ముందు మద్రాసులో జార్జ్ చినరీ చిత్రించాడు. హైదరాబాదీ దుస్తుల్లో ఉన్న ఆ అన్నాచెల్లెళ్ళు మళ్ళీ ఆ బట్టలు కట్టలేదు, తల్లిని చూడలేదు. తండ్రి అదే ఏడాది అక్టోబరులో కలకత్తాలో మరణించాడు. దక్కనులో పుట్టిన తైలవర్ణ చిత్రాల్లో అంత దుఃఖం మోసిన బొమ్మ వేరొకటి లేదని నా నమ్మకం, దానికి ఈ ధారావాహికలో వేరే భాగమే కేటాయించాలి. ఇప్పటికి చెప్పదలచినది ఒక్కటే. దొర పక్కన మున్షీలనూ పండితులనూ నిలబెట్టే కూర్పు హికీకి మెకంజీ కోసం అప్పటికప్పుడు తట్టినది కాదు, పదహారేళ్ళ ముందే అతని చేతికి అలవాటైనది.

ఇక చిత్రంలోకి వద్దాం. మెకంజీ స్కాట్లండు వాయవ్యాన లూయిస్ దీవిలో పుట్టి 1783లో మద్రాసు చేరాడు. 1799 తర్వాత మైసూరు రాజ్యాన్ని కొలిచే పని నెత్తిన వేసుకుని దాదాపు పదేళ్ళు నడిపాడు. 1810లో మద్రాసు రాష్ట్రానికి సర్వేయర్ జనరల్. జావా యుద్ధానికి వెళ్ళివచ్చాక 1815లో మొత్తం కంపెనీ ఇలాకాకు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. పదవికి తగిన బొమ్మ ఒకటి ఉండాలి కదా, 1816లో హికీ ముందు నిలబడ్డాడు. కొలువు చిత్రంలో రాజు వెనక గెలిచిన కోట ఉండవలసిన చోట ఇక్కడ కర్ణాటక తీరంలోని కార్కళ గోమటేశ్వరుడి నిలువెత్తు విగ్రహం ఉంది. దూరంగా కొండమీద సర్వే వాళ్ళు గురి చూసుకోవడానికి పాతే కొయ్య, దాని కొసన బుట్ట ఉన్నాయి. కత్తి, కిరీటం, రాజదండం ఉండవలసిన చోట దూరదర్శిని, తాటాకు ప్రతి ఉన్నాయి. గెలుపు అదే, దాని గుర్తులు మారాయి. నేలను కొలవడం, ఆ నేల చరిత్రను రాయించడం ఈ ప్రభువు సాధించిన విజయం అని బొమ్మ చెబుతోంది.

అయితే ఆ గుర్తులు ఎవరి చేతుల్లో ఉన్నాయి? దూరదర్శిని పట్టుకున్నది కిష్ణాజీ అనే బంట్రోతు. తాటాకు ప్రతి పట్టుకున్నది మలయూరు జైన పండితుడు ధర్మయ్య. మూడో వ్యక్తి కావలి లక్ష్మయ్య. పాత ఆస్థాన చిత్రాల్లో కిరీటం రాజు తల మీదో, అతని చేతికి అందే బల్ల మీదో ఉంటుంది. ఇక్కడ అధికారచిహ్నాలు రెండూ పరిచారకుల చేతుల్లోకి వెళ్ళాయి. హికీ దీన్ని సమానత్వం చూపాలని వేయలేదు. వెలుగు మెకంజీ మీదే ఉంది, మధ్యస్థానం అతనిదే. కానీ కొలువు చిత్రంలో వస్తువు ఎవరి చేతిలో ఉంటే ఆ శక్తి వాళ్ళదని అర్థం చెప్పే నియమాన్ని ఇక్కడికి వచ్చేసరికి మరచిపోలేం. మెకంజీ ఆ తాటాకును పట్టుకుని ఉంటే అది అబద్ధమయ్యేది, ఎందుకంటే అతనికి అది చదవడం రాదు. తనకు ఈ దేశభాషలు పట్టుబడలేదని మెకంజీ 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ ఉత్తరంలోనే, హిందూదేశపు విద్యల గుమ్మం తనకు తెరిచినవాడు కావలి బొర్రయ్య అని కృతజ్ఞతతో చెప్పుకున్నాడు.

ఈ కావలి వాళ్ళు ఏలూరు నియోగులు. అన్నదమ్ముల్లో బొర్రయ్య 1790ల్లో మెకంజీ దగ్గర చేరాడు. సంస్కృతం, తెలుగు, కన్నడం, ఇంగ్లిషు తెలిసినవాడు. పాత కన్నడ శాసనాల లిపి విప్పినవాడు. ఊరూరా పండితులను, కరణాలను, మఠాల వాళ్ళను ఒప్పించి ప్రతులు తెప్పించే విద్య కూడా అతనిదే. ఆ రెండోదే ఎక్కువ కష్టమైన విద్య. సర్వే అంటే శిస్తు పెంచడానికే అని భయపడే ఊళ్ళో తాతలనాటి కాగితాలు పరాయివాడి చేతిలో పెట్టించడం మాటలు కాదు. 1803లో, ముప్పై నిండకుండానే బొర్రయ్య పోయాడు. జైనుల మీద అతను సేకరించి అనువదించిన వ్యాసం ఆ తర్వాత ఆసియాటిక్ రీసెర్చెస్ తొమ్మిదో సంపుటంలో అతని పేరుతోనే అచ్చయింది. అన్న పోయాక ఆ బాధ్యతంతా లక్ష్మయ్య మోశాడు. మనుషుల్ని పంపడం, వాళ్ళు పంపిన నివేదికలు సరిచూడడం, అనువాదాలు చేయించడం అన్నీ అతని చేతిమీదుగా నడిచాయి. మరో సోదరుడు రామస్వామి తర్వాత దక్కను కవుల మీద ఇంగ్లిషులో పుస్తకం రాసి 1829లో కలకత్తాలో ప్రచురించాడు. బొమ్మలో ఉన్నది బొర్రయ్యే అనుకునేవాళ్ళూ ఉన్నారు. పదమూడేళ్ళ కిందట పోయినవాణ్ణి హికీ ఎదుట నిలబెట్టి గీయడం సాధ్యం కాదు, కాబట్టి లక్ష్మయ్య అనడమే సబబు. ఇద్దరు పండితుల్లో ఎవరు ఎవరన్న వివాదం పూర్తిగా తేలకపోయినా నా వాదనకు వచ్చే నష్టం లేదు. చిత్రం సాక్ష్యమిస్తున్నది ఒక ముఖం గురించి కాదు, ఒక పని ఎలా జరిగిందన్న దాని గురించి.

ఇక్కడ కళాచరిత్ర తెలిసినవాళ్ళు గట్టి అభ్యంతరం ఒకటి చెబుతారు. యూరప్ చిత్రాల్లో పరిచారకులు మామూలే, వాన్ డైక్ నుంచి రెనాల్డ్స్ దాకా ప్రభువుల పక్కన పూలపళ్ళెమో గొడుగో పట్టుకున్న సేవకులు కొల్లలుగా ఉన్నారు, దాన్ని పట్టుకుని ఇంత అర్థం తీయడం అతిశయోక్తి అంటారు. మామూలే అన్న మాట నిజం. కానీ ఆ బొమ్మల్లో సేవకుడు పట్టిన పళ్ళెం తీసేస్తే ప్రభువు ప్రభువుగానే మిగులుతాడు. ఇక్కడ తాటాకునూ దూరదర్శినినీ తీసేస్తే మిగిలేది ఎర్రకోటు వేసుకున్న ఒక అధికారి, అటువంటివాళ్ళు మద్రాసులో వందలమంది. పైగా సర్వేయరును ఒంటరిగా వేసే వీలూ ఉంది. మహా త్రికోణమితి సర్వేకు ఆద్యుడైన విలియం లాంబ్టన్‌ను 1822లో విలియం హావెల్ చిత్రించినప్పుడు అలాగే ఒక్కణ్ణే వేశాడు. ప్రతి అదనపు ముఖానికీ చిత్రకారుడికి అదనపు శ్రమ, వేయించుకునేవాడికి అదనపు ఖర్చు. మెకంజీ ఆ ముగ్గురినీ కావాలనే పెట్టించుకున్నాడు.

దీన్నిబట్టి మెకంజీ ఉదారుడని, వాళ్ళకు దక్కవలసిన గౌరవం దక్కిందని ఇంకొందరంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. మెకంజీ తన కాలపు అధికారుల్లో అరుదైన మనిషి, సహాయకుల పేర్లు దాచలేదు. కానీ బొమ్మ కూర్పులోనే ఒక షరతుంది. ఈ పండితులు దొర ఉన్నంతవరకే చిత్రంలో ఉంటారు. 1821 మే 8న మెకంజీ కలకత్తాలో పోయాక అదే జరిగింది. ఆ పనిని తాను కొనసాగిస్తానని, కైఫీయతుల సేకరణ పూర్తిచేస్తానని లక్ష్మయ్య 1830ల్లో సర్కారును అడిగాడు. విషయం బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ సలహాకు వెళ్ళింది. అప్పటి కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్. వివరాలనుంచి సారాంశం తీయగల అధికారి బుర్ర ఒకటి పైన లేకపోతే ఇంత పెద్ద పని ఒక దేశీయుడి వల్ల కాదని సొసైటీ తేల్చింది. ఏళ్ళ తరబడి ఆ పని నడిపినవాడికి ఆ పని రాదని తీర్పు! ప్రిన్సెప్ మహా పండితుడు, బ్రాహ్మీ లిపిని చదివి అశోకుణ్ణి మనకు తిరిగి ఇచ్చినవాడు, ఆ ఋణం కాదనలేం. అయినా ఈ తీర్పు అన్యాయమే. 1816 నాటి బొమ్మలో వెలుగు ఎవరి మీద పడిందో, ఆ క్రమాన్నే ఈ నిర్ణయం కాగితం మీద పెట్టింది.

బిలాస్‌పూర్‌లాంటి రైల్వే ఊళ్ళో ఉంటున్న తెలుగువాళ్ళకు ఈ కూర్పు కొత్తది కాదు. ఏ విభాగంలోనైనా అధికారి బదిలీ అయినప్పుడో రిటైరైనప్పుడో తీసే గ్రూపు ఫోటో చూడండి. ముందు వరస కుర్చీల్లో దండ వేసుకున్న అధికారి మధ్యలో, అటూ ఇటూ హోదా తగ్గే క్రమంలో ఇంకొందరు, వెనక రెండు వరసలు నిలబడ్డవాళ్ళు ఉంటారు. ఆస్థాన చిత్రం నేర్పిన వరసే ఇది, తైలవర్ణం పోయి కెమెరా వచ్చింది, అంతే. హికీ ఆ బొమ్మ వేసేనాటికి ఛత్తీస్‌గఢ్ నాగపూరు భోంస్లేల ఏలుబడిలో ఉంది. 1818లో కంపెనీ పర్యవేక్షణ మొదలై, పాలన రతన్‌పూర్ నుంచి రాయపూర్‌కు మారింది. లాంబ్టన్ తన కొలత గొలుసుతో మద్రాసు నుంచి నాగపూరు వైపు వస్తూ 1823లో హింగన్‌ఘాట్ దగ్గర మరణించాడు. కొలతలు, పటాలు ముందు వచ్చాయి, వాటి వెనక రైళ్ళు వచ్చాయి. 1891లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన మార్గం బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా తెరుచుకుంది. ఆ కంపెనీ దారుల వెంటే కోస్తా జిల్లాల తెలుగు కుటుంబాలు ఇటు వచ్చి స్థిరపడ్డాయి. ఆ దారిని గీసిన పటాల మీద సంతకాలు దొరలవి. కొయ్య పాతినవాళ్ళ పేర్లు, గొలుసు లాగినవాళ్ళ పేర్లు లేవు. కిష్ణాజీ అనే బంట్రోతు పేరు మనదాకా వచ్చిందంటే అందుకు ఈ చిత్రానికే ఋణపడ్డాం.

మెకంజీ సహాయకుల చేతులమీదుగా పోగైనది ఎంతో ఒకసారి చూడాలి. హొరేస్ హేమన్ విల్సన్ 1828లో అచ్చువేసిన జాబితా ప్రకారం 1,568 గ్రంథాల ప్రతులు, 2,070 స్థానిక వృత్తాంతాలు, 8,076 శాసన నకళ్ళు, 6,218 నాణేలు, 2,630 చిత్రలేఖనాలు. మెకంజీ భార్య దగ్గర ఈ సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. బొమ్మ తయారైన 1816లోనే మెకంజీ బృందం అమరావతి స్తూపం దగ్గర శిల్పాలను కొలిచి గీసే పని మొదలుపెట్టింది. తర్వాతి కాలంలో ఆ రాళ్ళు ఎన్ని సున్నపు బట్టీల పాలయ్యాయో తలుచుకుంటే, ఇప్పుడు వాటి రూపం తెలియడానికి ఆ గీతలే ఆధారమైన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఇదంతా బ్రిటిష్ సేకరణ, మనకెందుకు దాని మీద గర్వం అనే వాదన నాకు అర్థమవుతుంది. రాజ్యం నిలబెట్టుకోవడానికి చేయించిన పనే ఇది, కాదనను. కానీ మన ఊళ్ళ కథలు చెప్పింది మన కరణాలు, రాసింది మన లేఖకులు, ఏరి కూర్చింది ఏలూరు అన్నదమ్ములు. డబ్బు పెట్టినవాడి పేరే సేకరణకు మిగలడం వల్ల పని చేసినవాళ్ళ హక్కు పోదు.

హికీ పేరు ప్రపంచ చిత్రకళా చరిత్రల్లో అడుగున ఎక్కడో ఉంటుంది. అతని రేఖలో వెలాస్కెత్ లోతు లేదు, చినరీ చురుకు లేదు, నేనూ ఉందనను. కానీ ఎదురుగా కూర్చున్న భారతీయుణ్ణి అలంకారంగా కాక మనిషిగా చూడగల ఓపిక అతనికుంది. 1787లో కలకత్తాలో వేసిన దేశీయ స్త్రీ చిత్రంలో ఆ చూపు కనిపిస్తుంది, లక్ష్మయ్య ముఖంలోనూ కనిపిస్తుంది. దక్షిణాది కొలువు చిత్రాల్లో ఈ ఒక్క దానికి నేను మొదటి స్థానం ఇస్తాను, రంగుల గొప్పతనానికి కాదు, అందులో ఉన్న నిజానికి.

పాఠకులకు ఒక విన్నపం. ఈ బొమ్మను ఎక్కడ అచ్చువేసినా, ఎవరికి పంపినా, కింద నాలుగు పేర్లూ రాయండి: కాలిన్ మెకంజీ, కావలి వెంకట లక్ష్మయ్య, ధర్మయ్య, కిష్ణాజీ. దక్షిణాది భాషల ప్రతులు కలకత్తా నుంచి మద్రాసుకు తిరిగి వచ్చాయి, ఇప్పుడవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. మీ పూర్వికుల ఊరి కైఫీయతు ఉందేమో వెతికి చదవండి. వచ్చే భాగంలో, హికీకి ఎన్నడూ దక్కని నిజమైన ఆస్థాన పదవిని లక్నోలో 1814 నుంచి అనుభవించిన రాబర్ట్ హోమ్ కథ.